పోయిన సైకిలు – ఇంటి బీమా

పాఠ్యభాగ పరిచయం

ఇంట్లో దొంగతనం జరిగినప్పుడు పోయిన వస్తువు కోసం పోలీసులను ఆశ్రయిస్తాం. వస్తువు దొరకకపోయినా దాని విలువను తిరిగి పొందే మార్గం మరొకటి ఉన్నదని చాలామందికి తెలియదు. తెలిసినవారిలోనూ కొందరు ఆ మార్గంలో ఎలా నడవాలో ఎరుగక మధ్యలోనే ఆగిపోతారు. సైకిలు వంటి సామాన్య వస్తువును ఉదాహరణగా తీసుకొని గృహ బీమా స్వరూపాన్ని, పరిహారం కోరే విధానాన్ని, పాలసీదారుని హక్కులను, బాధ్యతలను తెలియజెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

1. సామాన్యుని వాహనం

హైదరాబాదు నగరానికి నైరుతి దిశలో, సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ వైపు సాగే రైలుమార్గంపై బుద్వేల్ ఉంది. ఒకవైపు వ్యవసాయ విశ్వవిద్యాలయంతో పేరు పొందిన రాజేంద్రనగర్, మరొకవైపు 2008లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన శంషాబాదు దీనికి ఇరుగుపొరుగులు. ఒకనాటి పల్లె నేడు మహానగరంలో భాగమైంది. 2023 ఆగస్టులో బుద్వేల్‌లోని సుమారు 100 ఎకరాల భూమిని హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ వేలం వేయగా 3,600 కోట్ల రూపాయలకు పైగా ఆదాయం వచ్చింది.

నేల విలువ ఎంత పెరిగినా ఆ నేలపై బతికే సామాన్యునికి సైకిలు అవసరం తీరలేదు. తెల్లవారకముందే రైల్వే స్టేషనుకు చేరుకోవలసిన కార్మికుడు, ఇంటింటికీ పాలు, పత్రికలు అందించే యువకుడు, కళాశాలకు వెళ్లే విద్యార్థిని ఇప్పటికీ సైకిలునే నమ్ముకొన్నారు. మరొకవైపు ఆరోగ్యం కోసం సైకిలు తొక్కేవారి సంఖ్య కూడా పెరుగుతున్నది. 2023 అక్టోబరు 1న బాహ్యవలయ రహదారి వెంట సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి బయలుదేరిన ఆ బాట శాఖ ఒకటి బుద్వేల్‌కు సమీపంలోని పోలీసు అకాడమీ వరకు వస్తుంది. వేల రూపాయల సైకిళ్లూ, అంతకుమించిన ఖరీదు గల సైకిళ్లూ ఇళ్లలోకి చేరాయి.

అయితే సైకిలుకు ఒక లోపం ఉంది. మోటారు వాహనానికి రిజిస్ట్రేషను సంఖ్య ఉంటుంది, యజమాని పేరు ప్రభుత్వ పుస్తకాలలో నమోదై ఉంటుంది. కాలితో తొక్కే సైకిలుకు అటువంటి రిజిస్ట్రేషను లేదు. పూర్వం పురపాలక సంఘాలు, పంచాయతీలు సైకిలుపై పన్ను వసూలు చేసి, పన్ను చెల్లించినందుకు గుర్తుగా లోహపు బిళ్ళ ఇచ్చేవి. ఆ పన్నుపై జనం విసుక్కొన్నప్పటికీ, 'ఈ సైకిలు ఫలానావారిది' అని చెప్పడానికి ఆ బిళ్ళ కొంత ఆధారంగా నిలిచేది. నేడు అది కూడా లేదు. అందువల్ల సైకిలు పోయిన రోజున యజమానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఎవరు తీసుకుపోయారు?" అన్నది కాదు, "అది నీదే అనడానికి ఆధారమేమిటి?" అన్నది.

2. ఒకే రాత్రి – రెండు ఇళ్లు

విషయం స్పష్టం కావడానికి ఒక సంఘటనను ఊహించుకొందాం. బుద్వేల్‌లోని ఒక వీధిలో రెండు కుటుంబాలు పక్కపక్కనే నివసిస్తున్నాయి. మొదటి కుటుంబం అద్దె ఇంట్లో ఉంటున్నది. తండ్రి సైకిలుపై స్టేషనుకు వెళ్లి, అక్కడ రైలెక్కి పనికి పోతాడు. కుమార్తె ఇంటర్మీడియట్ విద్యార్థిని, సైకిలుపైనే కళాశాలకు వెళ్తుంది. రెండవ కుటుంబం బ్యాంకు రుణంతో కట్టుకొన్న సొంత ఇంట్లో ఉంటున్నది.

దసరా పండుగకు ఇరు కుటుంబాలూ స్వగ్రామాలకు వెళ్లాయి. మొదటి కుటుంబం తమ రెండు సైకిళ్లను ముందుగదిలో పెట్టి తలుపుకు తాళం వేసింది. రెండవ కుటుంబం తమ సైకిలును గేటు లోపల ఆవరణలో నిలిపి వెళ్లింది. తిరిగివచ్చేసరికి మొదటి ఇంటి తాళం పగిలి ఉంది, రెండు సైకిళ్లూ లేవు. రెండవ ఇంటి ఆవరణలోని సైకిలూ లేదు. ఇరువురికీ బీమా ఉంది. కానీ మొదటి కుటుంబానికి పరిహారం అందింది, రెండవ కుటుంబానికి అందలేదు. ఇందుకు కారణం అదృష్టమూ కాదు, పక్షపాతమూ కాదు. కారణం వారి చేతిలోని పాలసీ పత్రాలలో ఉంది. ఆ పత్రాలను పరిశీలిద్దాం.

3. 'ఇంటికి బీమా ఉంది' అనడం చాలదు

ఎందరికో రాగల ఆపదకు ఎందరో కలిసి కొద్దికొద్దిగా ధనం కూర్చి, ఆపద వచ్చినవారికి దానిలో నుంచి సాయం చేసే ఏర్పాటే బీమా. ఈ కొద్ది మొత్తాన్ని ప్రీమియం అంటారు. సంస్థకూ పాలసీదారుకూ మధ్య కుదిరిన ఒప్పందమే పాలసీ. ఒప్పందంలో ఏ ఆపదలను పేర్కొన్నారో వాటికే పరిహారం ఉంటుంది. పేర్కొననివాటికి ఉండదు.

మన దేశంలో 1938 నాటి బీమా చట్టం ఈ రంగానికి పునాది. 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా వ్యాపారం జాతీయమైంది. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు ప్రభుత్వ సంస్థలు ఆనాటి నుంచి దేశమంతటా ఈ సేవలందిస్తున్నాయి. 1999 నాటి చట్టంతో బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడి, ప్రైవేటు సంస్థలకూ అవకాశం లభించింది. ఈ నియంత్రణ సంస్థ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. పైన చెప్పిన సైకిలు బాట మొదలయ్యే నానక్‌రామ్‌గూడలోనే నేడు దాని ప్రధాన కార్యాలయం ఉండటం విశేషం.

ఇంటికి సంబంధించి రెండు రకాల పాలసీలను మనం వేరుపరచి గుర్తించాలి.

మొదటిది 'భారత్ గృహ రక్ష'. నియంత్రణ సంస్థ ఆదేశం ప్రకారం 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలు ఒకే నమూనాలో అందిస్తున్న పాలసీ ఇది. అగ్నిప్రమాదం, భూకంపం, తుఫాను, వరద, అల్లర్లు వంటి ఆపదల వల్ల ఇంటికీ, ఇంటిలోని వస్తువులకూ కలిగే నష్టాన్ని ఇది భరిస్తుంది. దొంగతనం విషయంలో మాత్రం దీని పరిధి చాలా చిన్నది. పాలసీలో పేర్కొన్న ఆపద ఏదైనా సంభవించి, దాని కారణంగా ఏడు రోజులలోపు జరిగిన దొంగతనానికే ఇది వర్తిస్తుంది. 2020 అక్టోబరులో శంషాబాదు సమీపంలోని గగన్‌పహాడ్ వద్ద అప్ప చెరువు కట్ట తెగి, బెంగళూరు రహదారిని నీరు ముంచెత్తింది. అటువంటి వరద వచ్చి, ఇల్లు విడిచి వెళ్లిన కుటుంబం వస్తువులు ఆ వారంలో దొంగల పాలైతే ఈ పాలసీ ఆదుకొంటుంది. వరదా, మంటా లేని మామూలు రాత్రి జరిగిన దొంగతనానికి ఈ పాలసీ ఒక్కటే చాలదు, అదనపు రక్షణ తీసుకోవాలి.

రెండవది గృహస్థుల సమగ్ర బీమా. దీనిలో అనేక విభాగాలుంటాయి. అగ్నిప్రమాదం ఒక విభాగం, ఇల్లు పగలగొట్టి చేసే దొంగతనం మరొక విభాగం, నగలు వేరొక విభాగం. వీటిలో 'పెడల్ సైకిల్' అనే ప్రత్యేక విభాగం కూడా ఉండటం చాలామంది గమనించరు. కావలసిన విభాగాలను ఎంచుకొని, వాటికి ప్రీమియం చెల్లించాలి. ఎంచుకోని విభాగం పత్రంలో అచ్చై ఉన్నా అది మనకు వర్తించదు.

ఇప్పుడు మన రెండు కుటుంబాల సంగతి తేటపడుతుంది. రెండవ కుటుంబం బ్యాంకు రుణం తీసుకొన్నప్పుడు ఇంటి కట్టడం కోసం మొదటి రకం పాలసీ తీసుకొన్నది. 'ఇంటికి బీమా ఉంది కదా' అని నిశ్చింతగా ఉన్నది. మొదటి కుటుంబానికి సొంత ఇల్లు లేకపోయినా, ఇంటి సామానుకు సమగ్ర బీమా తీసుకొని దొంగతనం విభాగాన్ని, సైకిలు విభాగాన్ని ఎంచుకొన్నది. అద్దె ఇంట్లో ఉండేవారు తమ సామానుకు మాత్రమే బీమా చేయించుకోవచ్చునన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగినది.

4. కన్నమూ – చౌర్యమూ

'కన్నం వేయడం' అనే మాట మన భాషలో చాలా పాతది. గోడకు రంధ్రం చేసి ఇంట్లోకి దూరడం దాని అర్థం. ఊరికే వస్తువును ఎత్తుకుపోవడం చౌర్యం. తెలుగువారు ఏనాడో గుర్తించిన ఈ భేదం బీమా పత్రంలో కూడా ముఖ్యమైనదే. చాలా పాలసీలలో 'బలప్రయోగంతో ఆవరణలో ప్రవేశించి చేసిన దొంగతనం' అన్న నిర్వచనం ఉంటుంది. పగిలిన తాళం, వంగిన గడియ, విరిగిన కిటికీ చువ్వ ఆ బలప్రయోగానికి సాక్ష్యాలు.

ఈ విషయంపై 2004లో భారత సర్వోన్నత న్యాయస్థానం ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీకీ, హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ అనే వ్యాపారులకూ మధ్య వచ్చిన వివాదమది. దొంగతనానికి శిక్షాస్మృతిలో ఎటువంటి నిర్వచనం ఉన్నప్పటికీ, పరిహారం విషయంలో పాలసీలోని నిర్వచనమే ప్రమాణమని, బలప్రయోగం ఉండాలని పాలసీలో ఉంటే అది లేని దొంగతనానికి పరిహారం రాదని న్యాయస్థానం స్పష్టం చేసింది.

కాబట్టి సైకిలు ఎక్కడ నిలిపామన్నది చిన్న విషయం కాదు. తాళం వేసిన గదిలో నిలిపితే ఒక ఫలితం, తెరిచి ఉన్న వరండాలో నిలిపితే మరొక ఫలితం, రైల్వే స్టేషను ముంగిట నిలిపితే ఇంకొక ఫలితం. ఇంటి వెలుపల పోయిన సైకిలుకు సైకిలు విభాగం వర్తిస్తుందో లేదో పాలసీలో ముందుగానే చదువుకోవాలి. వీటితోపాటు సాధారణంగా కనిపించే మినహాయింపులు మరికొన్ని ఉన్నాయి. సైకిలు పోకుండా దాని దీపమో, గాలిపంపో మాత్రమే పోతే పరిహారం రాదు. పందేలకు, అద్దెకు వినియోగించిన సైకిలుకు రాదు. కుటుంబ సభ్యుల ప్రమేయంతో జరిగిన దొంగతనానికి రాదు. పత్రంలో చెప్పినన్ని రోజులకు మించి ఇల్లు ఖాళీగా ఉంటే కూడా ఇబ్బంది కలగవచ్చు.

5. మొదటి ఇరవై నాలుగు గంటలు

'దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు' అన్నది మన సామెత. బీమా విషయంలో ఆలస్యం ఎంత చేటో ఈ సామెత చక్కగా చెబుతుంది. దొంగతనం జరిగినట్లు తెలిసిన వెంటనే చేయవలసిన పనులు ఇవి.

మొదటిది, పగిలిన తాళాన్ని, తలుపును తాకకుండా ఉంచాలి. సాధ్యమైతే ఛాయాచిత్రాలు తీయాలి. ఇల్లు సర్దాలన్న ఆత్రంలో సాక్ష్యాన్ని మనమే చెరిపివేయకూడదు.

రెండవది, పోలీసులకు ఫిర్యాదు చేయాలి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. దానిలో 303వ సెక్షను దొంగతనాన్ని, 305వ సెక్షను నివాస గృహంలో జరిగే దొంగతనాన్ని పేర్కొంటాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ప్రథమ సమాచార నివేదిక నకలును ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. దీనినే మనం ఎఫ్.ఐ.ఆర్. అంటాం. సైకిలే కదా అని అర్జీ తీసుకొని రసీదుతో సరిపెట్టుకొంటే చాలదు. రసీదు వేరు, ప్రథమ సమాచార నివేదిక వేరు. స్టేషనులో నమోదుకు నిరాకరిస్తే ఆ సమాచారాన్ని లిఖితపూర్వకంగా జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు పంపే హక్కు చట్టం కల్పించింది.

ఫిర్యాదులో వాడే మాటలు సత్యంగా, స్పష్టంగా ఉండాలి. 'సైకిళ్లు పోయాయి' అని రాయడం చాలదు. ఏ తేదీన, ఏ సమయాల మధ్య, ఏ గది నుంచి, ఏ తాళం పగలగొట్టి, ఏ రంగు, ఏ కంపెనీ, ఏ సంఖ్య గల సైకిళ్లు పోయాయో రాయాలి. తరువాత బీమా అధికారి చదివేది ఈ వాక్యాలనే. జరగనిది జరిగినట్లు మాత్రం ఎన్నడూ రాయరాదు.

మూడవది, అదే రోజు బీమా సంస్థకు తెలియజేయాలి. టెలిఫోనులో చెప్పినా, తప్పక లేఖ కూడా పంపి నకలు దాచుకోవాలి. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి, సంస్థకు మాత్రం ఆలస్యంగా తెలిపిన వాహన దొంగతనం కేసులో 2020 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం పాలసీదారుకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. దొంగతనం నిజమైనప్పుడు, ఎఫ్.ఐ.ఆర్. వెంటనే నమోదైనప్పుడు, సంస్థకు తెలపడంలో జరిగిన ఆలస్యాన్ని మాత్రమే కారణంగా చూపి పరిహారం నిరాకరించరాదని గుర్‌శిందర్ సింగ్ కేసులో చెప్పింది. అయినా ఆ తీర్పును ఆలస్యానికి అనుమతిగా భావించరాదు. న్యాయస్థానం వరకు పోయి గెలవడం కన్నా మొదటి రోజే లేఖ రాయడం మేలు.

లేఖ నమూనా

బుద్వేల్,
తేది: ..............

శాఖా మేనేజరు గారికి,
.............. ఇన్సూరెన్స్ కంపెనీ, హైదరాబాదు.

విషయం: పాలసీ సంఖ్య .............. – రెండు సైకిళ్ల దొంగతనం – పరిహారం కొరకు విన్నపం.

అయ్యా,

నేను పై పాలసీదారును. మేము తేది .............. నుంచి తేది .............. వరకు స్వగ్రామంలో ఉన్నాము. తిరిగివచ్చిన రోజు ఉదయం 8 గంటలకు మా ముందుగది తాళం పగలగొట్టి ఉండటం గమనించాము. గదిలో ఉంచిన రెండు సైకిళ్లు కనిపించలేదు. వాటి చట్రం సంఖ్యలు, కొన్న తేదీలు, ఖరీదులు జతపరచిన పట్టికలో ఉన్నవి. రాజేంద్రనగర్ పోలీసు స్టేషనులో అదే రోజు ఫిర్యాదు చేశాము. ఎఫ్.ఐ.ఆర్. నకలు, కొనుగోలు రసీదులు, ఛాయాచిత్రాలు జతపరిచాము. దయచేసి సర్వేయరును పంపి, మా నష్టాన్ని మదింపు చేయించవలసినదిగా కోరుతున్నాము. క్లెయిము సంఖ్యను తెలుపగలరు.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)

6. నష్టాన్ని లెక్కగట్టే విధానం

లేఖ అందిన తరువాత, అవసరమైనప్పుడు సంస్థ సర్వేయరును నియమిస్తుంది. నష్టం ఎంతో, అది పాలసీ పరిధిలోకి వస్తుందో లేదో పరిశీలించే లైసెన్సు పొందిన నిపుణుడే సర్వేయరు. అతనిని చూసి భయపడవలసిన పనిలేదు, అతని నుంచి దాచవలసినదీ లేదు. 2002లో నియంత్రణ సంస్థ చేసిన నిబంధనలు 72 గంటలలో సర్వేయరును నియమించాలని చెప్పాయి. తరువాతి నిబంధనలు ఈ గడువులను ఇంకా తగ్గించాయి. సర్వేయరు కోరగల పత్రాలు: పాలసీ, నింపిన క్లెయిము పత్రం, ఎఫ్.ఐ.ఆర్. నకలు, కొనుగోలు రసీదులు, గుర్తింపు పత్రం, బ్యాంకు ఖాతా వివరాలు. వస్తువు ఆచూకీ లభించలేదన్న పోలీసుల తుది నివేదికను కూడా కొన్ని సంస్థలు అడుగుతాయి.

బీమా ఉద్దేశం నష్టాన్ని పూడ్చడమే కాని లాభం కలిగించడం కాదు. దీనినే నష్టపరిహార సూత్రం అంటారు. అందువల్ల చాలా పాలసీలలో పాత వస్తువుకు కొత్త వస్తువు ధర ఇవ్వరు, వాడకం వల్ల తగ్గిన విలువను మినహాయిస్తారు. మన మొదటి కుటుంబం లెక్క చూద్దాం. తండ్రి సైకిలు ఖరీదు 12,000 రూపాయలు, కొని మూడేళ్లయింది. కుమార్తె సైకిలు ఖరీదు 18,000 రూపాయలు, కొని ఏడాది అయింది. ఏడాదికి ఖరీదులో పదోవంతు తరుగు అనుకొంటే, మొదటిదాని విలువ 8,400, రెండవదాని విలువ 16,200, మొత్తం 24,600 రూపాయలు. పాలసీదారు తానే భరించవలసిన మినహాయింపు మొత్తం 1,000 రూపాయలనుకొంటే, చేతికి వచ్చేది 23,600 రూపాయలు. ఈ అంకెలు అవగాహన కోసమే. అసలు తరుగు, మినహాయింపు పాలసీని బట్టి మారుతాయి.

ఇక్కడ మరొక మెలిక ఉంది. ప్రీమియం తగ్గుతుందన్న ఆశతో కొందరు ఇంటి సామాను విలువను తక్కువ చేసి చూపుతారు. సగటు నియమం ఉన్న పాలసీలో దీని ఫలితం నష్టమే. ఇంటిలోని సామాను అసలు విలువ 4 లక్షలై, 3 లక్షలకే బీమా చేస్తే, ప్రతి నష్టంలోనూ నాలుగింట మూడు వంతులే సంస్థ భరిస్తుంది. అప్పుడు పై 24,600 రూపాయలు 18,450 రూపాయలకు తగ్గుతుంది. మినహాయింపు పోగా మిగిలేది 17,450 రూపాయలు మాత్రమే. ప్రీమియంలో మిగుల్చుకొన్న కొద్దిపాటి సొమ్ముకు ఇది పెద్ద మూల్యం.

అలాగే నష్టాన్ని పెంచి చెప్పడం కూడా తగదు. బీమా ఒప్పందానికి పరమ విశ్వాసం ప్రాణం. రెండు సైకిళ్లు పోతే మూడని రాసినవాడు, మూడవదానితోపాటు మొదటి రెండింటి పరిహారాన్నీ పోగొట్టుకొనే ప్రమాదం ఉంది. మోసపూరితమైన క్లెయిమును పూర్తిగా తిరస్కరించే అధికారం పాలసీ సంస్థకు ఇస్తుంది. పరిహారం అందిన తరువాత సైకిలు దొరికితే ఆ సంగతి సంస్థకు తెలియజేయడం పాలసీదారుని విధి. పరిహారం చెల్లించిన మేరకు ఆ వస్తువుపై హక్కు సంస్థకు సంక్రమిస్తుంది.

7. నిరాకరించినప్పుడు

సంస్థ పరిహారం నిరాకరిస్తే, ఆ నిర్ణయాన్ని కారణాలతో సహా లిఖితపూర్వకంగా కోరాలి. పాలసీలోని ఏ నియమం ప్రకారం నిరాకరించారో తెలిస్తేనే దానికి సమాధానం చెప్పగలం. ఆపై మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు, సంస్థలోని ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయడం. అక్కడ స్పందన లేకపోతే నియంత్రణ సంస్థ నిర్వహించే 'బీమా భరోసా' ద్వారా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. దీనికి 155255 అనే ఉచిత టెలిఫోను సంఖ్య ఉంది.

రెండవ మెట్టు, బీమా అంబుడ్స్‌మన్. 1998 నాటి నియమాలతో ఏర్పడిన ఈ వ్యవస్థ ఇప్పుడు 2017 నాటి నియమాల ప్రకారం పనిచేస్తున్నది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల ప్రజల కోసం దీని కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. సంస్థకు ఫిర్యాదు చేసి నెల గడిచినా సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తికరంగా లేకపోయినా ఇక్కడికి రావచ్చు. నిరాకరణ అందిన ఏడాదిలోపు రావాలి. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. అంబుడ్స్‌మన్ ఇచ్చే తీర్పును సంస్థ 30 రోజులలో అమలు చేయాలి.

మూడవ మెట్టు, జిల్లా వినియోగదారుల కమిషను. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 నాటి చట్టం ప్రకారం, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు.

అయితే మన రెండవ కుటుంబం ఈ మెట్లన్నీ ఎక్కినా ప్రయోజనం ఉండకపోవచ్చు. అక్కడ సంస్థ మాట తప్పలేదు. ఆ మాట ఏమిటో పాలసీదారు చదవలేదు. హక్కు ఉన్నచోట పోరాడాలి, హక్కు లేనిచోట ముందే జాగ్రత్తపడాలి.

8. ముగింపు

సైకిలు పోయిన మరునాడు మొదటి ఇంటి తండ్రి స్టేషనుకు నడిచి వెళ్లాడు. కుమార్తె రెండు వారాలు పొరుగింటి స్నేహితురాలి సైకిలు వెనుక కూర్చొని కళాశాలకు వెళ్లింది. పరిహారం వచ్చాక తిరిగి రెండు సైకిళ్లు ఆ ఇంటికి వచ్చాయి. కొంత సొమ్ము చేతి నుంచి వేసుకోవలసి వచ్చింది. రెండవ ఇంటివారు అంతా తమ సొమ్ముతోనే కొనుక్కోవలసి వచ్చింది. ఈ తేడా అంతా మొదటి కుటుంబం ముందుగా చేసిన నాలుగు చిన్న పనుల వల్ల వచ్చింది. కొన్ననాడే రసీదు భద్రపరచడం, చట్రం అడుగున పెడళ్ల ఇరుసు దగ్గర చెక్కిన సంఖ్యను పుస్తకంలో రాసుకోవడం, సైకిలు ఛాయాచిత్రం తీసి ఉంచడం, పాలసీ తీసుకొన్ననాడే దానిని చదవడం.

చిన్న అచ్చులో ఉన్నదని మనం చదవకుండా మడిచిపెట్టే కాగితంలోనే మనకు రావలసినదేదో, రానిదేదో రాసి ఉంటుంది. చదువుకొన్నవారు ఇంట్లో ఉండి కూడా ఆ కాగితం చదవకపోతే చదువుకు సార్థకత ఏమున్నది? విద్యార్థులు నేడే తమ ఇంటి పాలసీని తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. తమ సైకిలు సంఖ్యను రాసి ఉంచాలి. దానికి అయ్యే వ్యయం ఒక కాగితం ముక్క, పది నిమిషాల సమయం.

అర్థాలు

పరిహారం = నష్టానికి బదులుగా ఇచ్చే సొమ్ము
చౌర్యం = దొంగతనం
మదింపు = విలువ కట్టడం
తరుగు = వాడకం వల్ల తగ్గిన విలువ
మినహాయింపు = లెక్క నుంచి తొలగించినది
సంక్రమించు = ఒకరి నుంచి మరొకరికి చెందు
నకలు = ప్రతి
ఆచూకీ = జాడ
ప్రమేయం = సంబంధం
సార్థకత = ప్రయోజనం నెరవేరడం

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఒకే రాత్రి సైకిళ్లు పోగొట్టుకొన్న రెండు కుటుంబాలకు వేర్వేరు ఫలితాలు ఎందుకు కలిగాయో వివరించండి.
2. దొంగతనం జరిగిన మొదటి రోజున పాలసీదారు చేయవలసిన పనులను తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'భారత్ గృహ రక్ష' పాలసీ దొంగతనానికి ఎప్పుడు వర్తిస్తుంది?
2. సగటు నియమం అంటే ఏమిటి? ఉదాహరణతో రాయండి.
3. బీమా అంబుడ్స్‌మన్‌ను ఎవరు, ఎప్పుడు ఆశ్రయించవచ్చు?

ఇ) కింది ప్రశ్నలకు ఒక వాక్యంలో సమాధానాలు రాయండి.
1. బీమా నియంత్రణ సంస్థ హైదరాబాదుకు ఏ సంవత్సరంలో తరలివచ్చింది?
2. పూర్వం సైకిలు పన్ను చెల్లించినందుకు గుర్తుగా ఏమి ఇచ్చేవారు?
3. సర్వేయరు అంటే ఎవరు?

ఈ) మీ ఇంట్లోని సైకిలు పోయిందని భావించి, బీమా సంస్థ శాఖా మేనేజరుకు లేఖ రాయండి.